పగ్గానికి రెండు కొసలు

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన రథం పోలిక మనకు బాగా నలిగినదే. శరీరం రథం, ఆత్మ అందులో కూర్చున్న రథికుడు, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, శబ్దస్పర్శాది విషయాలు ఆ గుర్రాలు నడిచే దారులు. ప్రవచనాల్లో ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా వక్త రెండు పిడికిళ్ళూ బిగించి గుండెల దాకా లాక్కుంటాడు, ఇంద్రియనిగ్రహం అంటే ఇదీ అన్నట్టు. సభ తల ఊపుతుంది. ఆ సభలో గుర్రం ఎక్కినవాడు ఒక్కడున్నా ఉలిక్కిపడతాడు. గుర్రం మీద ఆ పని చేస్తే ఏమవుతుందో వాడికి తెలుసు.

నాకు ఆలస్యంగా తెలిసింది. యాభై దాటాక మొయినాబాద్ వైపు ఒక గుర్రపుశాలలో స్వారీ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఈ వయసులో ఇదేం కోరికని ఇంట్లో అడిగితే ఉపనిషత్తు పాఠానికి ప్రయోగశాల అని చెప్పి తప్పించుకున్నాను. నిజానికి అది చిన్నప్పటి నుంచీ ఉన్న ముచ్చటే. వేదాంతం దానికి తర్వాత తోడైంది.

మొదట్లో చేతికి పగ్గాలే ఇవ్వలేదు. నేర్పే మనిషి మైదానం నడుమ నిలబడి పొడుగాటి తాడుతో గుర్రాన్ని తన చుట్టూ గుండ్రంగా తిప్పుతుంటే, నేను రెండు చేతులూ బార్లా చాపుకుని కూర్చోవాలి. అంతే పాఠం. 16వ శతాబ్దం నుంచి నడుస్తున్న వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కూడా కొత్తగా చేరినవాళ్ళకు ముందు పగ్గాలూ రికాబులూ లేకుండా కూర్చోవడమే నేర్పుతారు. కారణం తేలికే. కూర్చోవడం రానివాడు పడిపోకుండా ఉండేందుకు దొరికినదాన్ని పట్టుకుని వేలాడతాడు. దొరికేది పగ్గం. దాని అవతలి కొస గుర్రం నోట్లో ఉంది.

ఆ నోరు దగ్గరగా చూడాలి. జీను వేసే కుర్రాడు ఒక రోజు గుర్రం పెదవి మూలన బొటనవేలు పెట్టి తెరిచి చూపించాడు. ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ. అక్కడ పళ్ళుండవు. ఎముక మీద పల్చటి చిగురు, దాని మీద గడ్డి నురగ. కళ్ళెపు ఇనుము ఆనేది ఆ చిగురుకీ నాలుకకీ. నాలుగైదు వందల కిలోల ప్రాణిని అంత సున్నితమైన చోట పట్టుకుని నడుపుతున్నామన్నమాట. లాగితే ఆగుతుందని మనం అనుకుంటాం. నొప్పి పుట్టిన గుర్రం తల పైకెత్తి, నడుం బిగించి, ఆ నొప్పి నుంచి తప్పించుకోవాలని ఇంకా వేగం అందుకుంటుంది. మరీ లాగితే అదీ ఎదురు లాగుతుంది. ఆ పోటీలో గెలిచే మనిషి ఇంకా పుట్టలేదు. అందుకే పగ్గాలు చేతికి వచ్చిన మొదటి వారమంతా నేను విన్న మంత్రం ఒక్కటే: “లగాం గుంజకున్రి సార్. కూసోన్రి, గంతే.”

ఆ మాట చెవిలో ఉండగా కఠోపనిషత్తు మళ్ళీ తీసి చూస్తే, యముడు లాగమని ఎక్కడా అనలేదు. విజ్ఞానం లేని సారథికి, మనసు కుదురు లేనివాడికి, ఇంద్రియాలు దుష్టాశ్వాల్లా మాట వినవన్నాడు. విజ్ఞానం ఉన్నవాడికి మంచి గుర్రాల్లా మాట వింటాయన్నాడు. రెండు చోట్లా ముందు వచ్చేది సారథి సంగతి, తర్వాతే గుర్రాల సంగతి. శాలలో చూస్తున్నదీ అదే. నా కింద మొండికేసిన గుర్రమే మరో గంటకు పదేళ్ళ పిల్లను వీపున వేసుకుని బుద్ధిగా తిరుగుతుంది.

పైగా ఆయన మనసును పగ్గంతో పోల్చాడు. సారథి ఆజ్ఞ గుర్రానికి చేరే తోవ అని మనం దాన్ని ఒక వైపు నుంచే చదువుకున్నాం. చేతిలో పట్టుకుంటే రెండో వైపు తెలుస్తుంది. గుర్రం దవడ కదలడం, మెడ బిగుసుకోవడం, ఎడమ పక్కన ఏదో చూసి అడుగు తడబడడం, ఇవన్నీ కంటికి కనిపించే ముందే వేళ్ళకు అందుతాయి. పగ్గం బిర్రబిగిస్తే ఆ కబురు రాదు, మన బలమే మనకు తిరిగి తగులుతుంది. జారవిడిస్తే అసలే రాదు. తిరునాళ్ళలో చిన్నపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోవాలి. ఇంద్రియాలను అణిచేసే ధోరణికీ, వాటి మానాన వదిలేసే ధోరణికీ నడుమ సాధకుడు వెతుక్కునే చోటు ఈ పట్టులోనే ఉందని నా అభిప్రాయం. గీత మూడో అధ్యాయంలో ప్రాణులు తమ ప్రకృతినే అనుసరిస్తుంటే నిగ్రహం ఏం చేయగలదని కృష్ణుడు అడుగుతాడు. అడిగినవాడి చేతుల్లో అప్పుడు నాలుగు గుర్రాల పగ్గాలున్నాయని మనం గుర్తు పెట్టుకోం.

రథం వేరు, స్వారీ వేరు అని ఎవరైనా అడ్డు తగలవచ్చు. న్యాయమే. రథసారథికి ఉన్నవి పగ్గం, గొంతు, చర్నాకోల. రౌతుకు వీటికి తోడు తన ఒళ్ళంతా ఉంది. అతను గుర్రాన్ని తాకుతూ కూర్చుంటాడు కనుక ఏదీ దాచుకోలేడు. ఈ తేడా వల్ల పోలిక బలహీనపడుతుందని నేను అనుకోను. ఇంద్రియాలు మనకు అల్లంత దూరాన కట్టి ఉన్నవేమీ కావు.

ఇక గుర్రం ఎందుకు పరుగెడుతుంది? నేను చాలా కాలం ఆలోచించిన విషయం ఇదే. ఇంద్రియాలు విషయాల మీద మోజుతో పరుగెడతాయని శాస్త్రం చదువుకున్నాం. కాని గుర్రం మోజుతో పరుగెత్తదు. పచ్చగడ్డి కనిపిస్తే అది ఆగిపోతుంది, తల దించుతుంది, కదలనంటుంది. అది అదుపు తప్పి దౌడు తీసేది భయంతో. అది వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండి ఇంచుమించు చుట్టూ ఉన్నదంతా చూస్తాయి. ముఖానికి సరిగ్గా ఎదురుగా కొంచెం, తోక వెనక కొంచెం మాత్రమే కనపడదు. కొమ్ముల్లేవు, కోరల్లేవు. పారిపోవడం ఒక్కటే దాని ఆయుధం. ముళ్ళకంపకు చిక్కుకున్న ప్లాస్టిక్ సంచి గాలికి రెపరెపలాడినా దాని లెక్కలో అది పులే. ముందు పరుగు, ఆ తర్వాతే ఆలోచన.

ఇది చూశాక నా ఇంద్రియాల మీద నాకున్న అభియోగపత్రం కొంత మార్చి రాసుకోవాల్సి వచ్చింది. చెయ్యి ఊరికే ఫోను మీదకు పోవడం, ఆకలి లేకపోయినా నోరు ఏదో ఒకటి అడగడం, చెవి పక్కవాళ్ళ మాటల వైపు సాగడం, ఇవన్నీ కోరికలనుకున్నాను. తరచి చూస్తే వాటిలో చాలా వాటి వెనక ఉన్నది బెదురు. ఏదో తప్పిపోతుందని, ఎవరో మరిచిపోతారని, ఖాళీగా కూర్చుంటే ఏం ఎదురవుతుందోనని. పతంజలి ఐదు క్లేశాలు చెబుతూ చివరిదిగా అభినివేశాన్ని పెట్టాడు. ప్రాణం మీది ఆ తీపి, దాన్ని అంటిపెట్టుకున్న ఆ భయం, పండితుడిలోనూ పాతుకుని ఉంటుందన్నాడు. రెండోదంటూ ఉంటేనే భయమని బృహదారణ్యకం. బెదిరిన గుర్రాన్ని కొడితే దాని భయానికి ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. చేయగలిగిందల్లా దాని మీద బెదరకుండా కూర్చోవడం.

అది నటిస్తే కుదరదు. 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. మనుషులు గుర్రాల్ని ఒక దారి వెంట నడిపించారు, కొందరు ఎక్కి స్వారీ చేశారు. ఇద్దరి గుండె వేగమూ కొలిచారు. చివరి విడతకు ముందు, ఈసారి గుర్రం వెళ్తుండగా ఒక గొడుగు ఠక్కున తెరుస్తామని మనుషులకు చెప్పారు. గొడుగు తెరవలేదు. కాని ఆ మాట విన్న మనిషి గుండె వేగం పెరిగింది, ఏ మాటా వినని గుర్రం గుండె వేగమూ పెరిగింది. జరగని సంఘటనకు ఇద్దరూ బెదిరారు. మన రోజుల్లో ఎక్కువ భాగం ఇలా తెరవని గొడుగుల కిందే గడుస్తోంది.

ఒంట్లో ఏం సడలిస్తే గుర్రానికి ధైర్యం చేరుతుంది? శ్వేతాశ్వతరోపనిషత్తు రెండో అధ్యాయంలో ప్రాణాయామం చెప్పే చోట దుష్టాశ్వాలు పూన్చిన బండి మాట వస్తుంది. ఊపిరినీ గుర్రాన్నీ అలా పక్కపక్కన పెట్టడం కవిత్వం కోసమే అనుకునేవాణ్ణి. గుర్రం ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది, నోటితో తీసుకోలేదు. నడకలో, దుడుకులో దాని ఊపిరి దానిష్టం. దౌడు అందుకుంటే మాత్రం ఒక్కో అంగకు ఒక్కో శ్వాస. అడుగుల లయా ఊపిరి లయా విడదీయలేనంతగా కలిసిపోతాయి. పైన కూర్చున్నవాడు ఊపిరి బిగబడితే తొడలు బిగుస్తాయి, నడుం కర్రవుతుంది, గుర్రానికి అది ప్రమాద ఘంట. పొడుగ్గా ఊపిరి వదిలితే బరువు జీనులోకి దిగుతుంది. బాగా తర్ఫీదైన గుర్రం ఆ ఒక్క నిశ్వాసకే వేగం తగ్గిస్తుంది. పగ్గం పని ఇంకా మొదలే కాదు. నాకిది ఎప్పుడో ఒకసారి కుదురుతుంది.

ఆ ఎప్పుడో ఒకసారి కుదిరినప్పుడల్లా నా కింద ఉన్నది ఒక ముదురు ఎరుపు ఆడగుర్రం. పందేలు మానేసి వచ్చింది, వయసు తొమ్మిది. అమ్మకానికి ఉందని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొందామనుకోగానే సలహాలు మొదలయ్యాయి. ఒకాయన సుడులు చూడమన్నాడు, నుదుట ఒకటుంటే చాలన్నాడు. సుడుల శాస్త్రం మనకు పాతదే. మనుమంచి భట్టు హయలక్షణవిలాసమని తెలుగులో ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. అరణ్యపర్వంలో బాహుకుడి రూపంలో ఉన్న నలుడు బక్కచిక్కిన గుర్రాల్ని ఎంచుకుంటే ఋతుపర్ణుడు ఇవేం గుర్రాలని కోప్పడతాడు, నలుడు సుడులు లెక్కచెప్పి ఒప్పిస్తాడు. పశువుల డాక్టరు మాత్రం సుడుల జోలికి పోకుండా నాలుగు గిట్టలూ ఎత్తి చూసి, పళ్ళు చూసి, రోజుకు ఎనిమిది పది కిలోల గడ్డి, ముప్పై నలభై లీటర్ల నీళ్ళు, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించడం అని చెప్పి, పాతికేళ్ళు, ముప్పయ్యేళ్ళు బతకొచ్చన్నాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. ఎక్కడానికి పనికిరాని ఏళ్ళు కూడా దాని ఆయుష్షులో భాగమే. నా లెక్కలో అప్పటికి నాకు డెబ్బై దాటుతుంది. ఉన్న బంధాలు సడలించుకోవాల్సిన వయసులో కొత్తది తెచ్చి కట్టుకోవడమా?

యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన జాబితా గుర్తొచ్చింది. భర్త, భార్య, బిడ్డలు, ధనం, ఇవన్నీ ఆత్మ కోసమే ప్రియమవుతాయంటాడు. నాలుగో అధ్యాయంలోని పాఠంలో పశువుల మాట కూడా ఉంది. (జనకుడి సభలో వాదం మొదలు కాకముందే వెయ్యి గోవుల్నీ శిష్యుడితో తోలించుకుపోయిన మనిషి ఆయన. మనకెందుకో ఆ ఘట్టం అంతగా చెప్పరు.) ఈ గుర్రం నాకు ఎవరి కోసం ప్రియం? దాని మీద కూర్చుని ఫొటో దిగాలనుకునే వాడొకడు నాలో ఉన్నాడు. మొన్నటి ఆ నిశ్వాస క్షణాన్ని సొంత ఆస్తిగా రిజిస్టరు చేయించుకోవాలనుకునే వాడొకడు ఉన్నాడు. రెండోవాడు మొదటివాడి కంటే ప్రమాదకరం, ఎందుకంటే వాడు కాషాయం కట్టుకుని వస్తాడు.

ఈ తర్జనభర్జనలో నాకు దారి చూపినది ద్రోణపర్వం. యుద్ధం పద్నాలుగో రోజు, సైంధవుణ్ణి పొద్దుగూకేలోగా చంపుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. ఒక్క నిమిషం వృథా చేయడానికి లేదు. సరిగ్గా అప్పుడు గుర్రాలు బాణాలు తగిలి, దప్పికతో, డస్సిపోయాయి. రథం ఆపారు. అర్జునుడు నేల మీద నిలబడి సేనను నిలవరిస్తూ బాణాలతో మడుగు కల్పించాడు, బాణాలతోనే పందిరి కట్టాడు. కృష్ణుడు గుర్రాల్ని విప్పి, ఒంటిలో దిగిన ములుకులు లాగి, చేతులతో ఒళ్ళంతా రుద్ది, నేల మీద పొర్లనిచ్చి, నీళ్ళు పెట్టి, మేత పెట్టి, మళ్ళీ పూన్చాడు. పొర్లనివ్వడం చూడండి. చెమటపట్టిన గుర్రానికి జీను విప్పగానే కావాల్సింది అదేనని శాలలో ఉన్నవాడికే తెలుస్తుంది. మొదటి రోజున విశ్వరూపం చూపినవాడు పద్నాలుగో రోజున గుర్రానికి మాలీసు చేశాడు. ఆ గుర్రాలు ఆయనవీ కావు, అర్జునుడివి.

స్వామిత్వం ఎవరిదో, పరిచర్య ఎవరిదో అక్కడ చెల్లాచెదురైపోయింది. నేను వేసుకోవాల్సిన ప్రశ్న కొనాలా వద్దా అన్నది కానే కాదేమో. ఈ మాటే కొంచెం గంభీరంగా నేర్పే మనిషితో అన్నాను. ఆయన నాడాలు చూస్తూనే విన్నాడు. “కొనుడు తర్వాత ముచ్చట సార్. ఈ వానకాలమంతా పొద్దుగాల వచ్చి లద్దె ఎత్తున్రి. గప్పుడు చెప్తురు.”

ఎత్తుతున్నాను. పార చేతికిచ్చిన రోజునే కుర్రాడు ఏం చూడాలో నేర్పాడు. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకని కడుపులో ఏ తేడా వచ్చినా ప్రాణం మీదకే వస్తుంది, దాన్ని ముందుగా చెప్పేది లద్దే. రోజుకు ఎనిమిది పది సార్లు వేయాలి. ఉండలు తడిగా ఉండి, నేల మీద పడగానే విచ్చుకోవాలి. ఎండిపోయి రాళ్ళలా ఉన్నా, పొద్దున్నే కొట్టం శుభ్రంగా కనపడినా, మేత ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి.