రథమెక్కి ప్రక్కన కూర్చుండువారెవరు?

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 8:26-40



గాజాకు పోవు అరణ్యమార్గమున ఒక రథము పోవుచున్నది. ఐతియొపీయుల రాణియొక్క ధనాగారమునకు అధికారియైన యొక ఘనుడు అందులో కూర్చుండి యెషయా గ్రంథమును చదువుచున్నాడు. చేతితో వ్రాసిన గ్రంథములు సొంతముగా గలవారు ఆ దినములలో బహు కొద్దిమంది. ఇతనికి ధనమున్నది, చదువున్నది, గ్రంథమును ఉన్నది. అయినను ఫిలిప్పు పరుగెత్తి వచ్చి, అర్థమగుచున్నదా యని అడుగగా, చెప్పువారు లేనిదే తనకు బోధపడదని అతడు ఒప్పుకొనెను. అప్పుడు ఫిలిప్పు రథమెక్కి అతని ప్రక్కన కూర్చుండెను. ఆ దినముననే అతడు బాప్తిస్మము పొంది, సంతోషించుచు తన త్రోవను వెళ్లెను.

మన పిల్లల చేతులలోని ఫోనును గూర్చి ఆలోచించుటకై ఈ మాసము ఈ భాగమును ఎన్నుకొన్నాము.

ఫోను పాపమని మేము చెప్పము. దానివలని మేలులు నిజమైనవి. బడిలో ఒక్కసారి చెప్పి ముగించిన పాఠమును పిల్లవాడు ఇంటివద్ద పదిసార్లు వినవచ్చును. గుండె ఎట్లు కొట్టుకొనునో, గ్రహణమెట్లు పట్టునో నల్లబల్ల మీద గీసినదానికంటె బొమ్మ కదలినప్పుడు తేటగా తెలియును. కన్ను కనబడని బిడ్డ చెవితో చదువుకొనును. చెవి వినబడని బిడ్డ కంటితో నేర్చుకొనును. ఇది దేవుని దయయే.

ఈ ప్రయత్నము క్రొత్తదియు కాదు. 1975 ఆగస్టు మొదలు 1976 జులై వరకు అమెరికావారి ఉపగ్రహము సాయముతో మన దేశములో ఆరు రాష్ట్రములందు సుమారు 2400 గ్రామములకు టెలివిజన్ పాఠములు పంపబడెను. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడ ఉండెను. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు నడిచెను.

తరువాత 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడెను. ఆ సెప్టెంబరు 1 నుండి మన తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్లలో పాఠములు వచ్చెను. అవి లేకున్న ఎందరో పిల్లలకు ఆ యేడు అక్షరము ముఖమే కనబడకపోయెడిది. అయితే లోపమును అప్పుడే బయటపడెను. టీవీ చెప్పును గాని వినదు. పిల్లవాడు మూడవ లెక్క దగ్గర ఆగిపోయిన సంగతి దానికి తెలియదు. ఊళ్లలోనికి వచ్చి, అరుగుల మీద కూర్చుండి, పిల్లల నోటుపుస్తకములు దిద్దిన ఉపాధ్యాయులు ఆ కాలమున ఫిలిప్పు పనియే చేసిరి.

ఇప్పుడు మన నెల్లికుదురు మండలపు పల్లెలలోను తండాలలోను జరుగుచున్నదేమి? ఇంటికి ఒక్కటే ఫోను. మిరపకాయ ఏరుటకో పత్తి తీయుటకో తండ్రి వెళ్లునప్పుడు అది అతని జేబులో పోవును. రాత్రి తిరిగి వచ్చినప్పుడు మొదట కొడుకు చేతికి, మిగిలినయెడల కూతురి చేతికి చేరును. దేవుడు ఇద్దరిని తన స్వరూపమందు సృజించెనని ఆదివారము వినుచు, సోమవారము ఆడబిడ్డ వంతు మరచుట న్యాయమా? పాఠము కొరకు తెరచిన ఫోనులో పాఠము పావుగంట, ఆట రెండు గంటలు. ప్రశ్న వేసినంతనే వ్యాసమంతయు వ్రాసి యిచ్చు యంత్రములును వచ్చినవి. బిడ్డ దానిని చూచి వ్రాసికొనిపోవును. కాగితము నిండును గాని తల నిండదు. పండ్రెండేండ్ల యేసు దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండి, వారి మాటలు వినుచు ప్రశ్నలు అడిగెను (లూకా 2:46). అడుగుట, ఆలోచించుట అనునవి బిడ్డ తానే చేయవలసిన పనులు.

అన్నిటికంటె పెద్ద నష్టము మరియొకటి గలదు. “మాకు చదువు రాదు, ఫోనే చెప్పును” అని తలిదండ్రులు ప్రక్కనుండి లేచిపోవుచున్నారు. తల్లులారా, ఈ మాట అనకుడి. మనకు పొరుగుననే యున్న దోర్నకల్‌ను జ్ఞాపకము చేసికొనుడి. 1912లో అక్కడ మొదటి బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్య గారి కాలమున మన పల్లె విశ్వాసులలో అనేకులకు అక్షరము రాదు. బోధకులు పల్లెలలోనే కాపురముండి, పగలంతయు కూలిచేసి వచ్చినవారి నడుమ కూర్చుండి, పరలోక ప్రార్థనను పది ఆజ్ఞలను నోట పలికించి నేర్పిరి. పుస్తకము లేని చోటను ప్రక్కన కూర్చున్న మనిషి వలన సంఘము కట్టబడెను. ఇంటిలో కూర్చున్నప్పుడును త్రోవను నడచునప్పుడును పిల్లలతో మాటలాడుమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఆ పనికి అక్షరము అక్కరలేదు, సమయము కావలెను.

కాబట్టి మన యిండ్లలో ఇట్లు చేయుదము. ఫోను దుప్పటి క్రింద కాక నలుగురి యెదుట తెరువబడవలెను. కొడుకునకెంత సమయమో కూతురికిని అంతే. పాఠము ముగిసిన తరువాత ఫోను ప్రక్కన పెట్టించి, “ఈ దినము నేర్చినది నాకు చెప్పుము బిడ్డా” అని అడుగవలెను. చదువురాని తల్లికి అర్థమగునట్లు చెప్పగలిగిన బిడ్డ నిజముగా నేర్చుకొన్నట్టే. చెప్పలేక తడబడినయెడల మరునాడు పంతులు గారిని అడిగి రమ్మనవలెను. సంఘములోని చదువుకొన్న యౌవనులారా, వారమునకు రెండు సాయంకాలములు మందిరములో పిల్లల ప్రక్కన కూర్చుండుడి; అది కూడ పరిచర్యయే.

రథము వచ్చినది, గ్రంథము బిడ్డ చేతిలో ఉన్నది. ఎక్కి ప్రక్కన కూర్చుండువారి కొరకు బిడ్డ చూచుచున్నాడు. ఫిలిప్పును పరుగెత్తించిన ఆత్మ మనలనును పరుగెత్తించును గాక. ఆమేన్.