తాళాల గుత్తి

మా అక్క కూతురు ఉద్యోగం పేరుతో మా ఇంట్లోనే ఉంటోంది. రోజూ ఉదయం తొమ్మిదిన్నరయ్యేసరికి ఉప్మా ప్లేటు పక్కన పెట్టేసి, లాప్‌టాప్ ముందు లేచి నిలబడుతుంది. పావుగంటసేపు ఏదో అప్పజెప్పి మళ్ళీ కూర్చుంటుంది. నాలుగు రోజులు చూసి, "కూర్చుని మాట్లాడితే వాళ్ళకి వినపడదటే?" అన్నాను.

"దీన్ని స్టాండప్ అంటారు పిన్నీ. మా కంపెనీ ఎజైల్ పద్ధతిలోకి మారింది" అంది గర్వంగా.

అది చెప్పిందీ, నేను చదివిందీ కలిపితే తేలిందేమిటంటే, వెనకటి పద్ధతిలో పైవాళ్ళు ఏడాదికి సరిపడా పథకం వేసేవారు, కిందివాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేసేవారు. ఆలోచించటం ఒకరి వంతు, చెయ్యటం మరొకరి వంతు అని అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు 1911లో పుస్తకమే రాశాడు. 2001 ఫిబ్రవరిలో ఆ దేశంలోనే స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడి, పథకాన్ని పట్టుకు వేళ్ళాడటం కన్నా మార్పుకి తగ్గట్టు నడుచుకోవటం మేలని ప్రకటించారు. రెండు మూడు వారాలకి సరిపడా పని ఎంచుకోవటం, చేసి చూపించటం, దిద్దుకోవటం. ఎలా చెయ్యాలన్నది చేసేవాళ్ళే తేల్చుకోవటం.

ఓస్, ఇంతేనా అనుకున్నాను. ఆ 17 మందీ మగవాళ్ళే. నలుగురికి వండిన వంట చెప్పాపెట్టకుండా వచ్చిన ముగ్గురికి కూడా సర్దటం, పాలు విరిగితే కోవా చెయ్యటం మనకి వాళ్ళు నేర్పాలా? అని గొప్పలు పోబోయి ఆగాను. మా అత్తగారు గుర్తొచ్చారు.

నేను కాపరానికొచ్చిన రెండో సంక్రాంతికి ఆవిడ సామాన్లగది తాళాల గుత్తి నా చేతికిచ్చారు. పేరంటానికొచ్చిన వాళ్ళందరి ముందూ "ఇక ఇంటి పెత్తనం మా కోడలిదే" అన్నారు. ఎంత మురిసిపోయానో! ఆ సాయంత్రం నుంచే మొదలయింది ఆరా. బియ్యం ఎంత పోశావు? నెయ్యి గిన్నె అంత తేలికయిందేం? తాళాలు నా బొడ్లో ఉన్నాయి, పెత్తనం మాత్రం ఆవిడ దగ్గరే ఉంది. ఏదైనా తక్కువ పడితే మాత్రం "తాళాలు నీ దగ్గరే ఉన్నాయి కదమ్మా" అనేవారు. తాళాలు లేని రోజులే హాయిగా ఉన్నాయనిపించేది.

ఇది చెబితే మా పిల్ల నవ్వలేదు. "మా ఆఫీసూ అంతే పిన్నీ" అంది. మీదే నిర్ణయం అన్నారట. ఒక రోజు స్టాండప్‌లో ఇది, "ఈ పని ఇంకా సరిగ్గా రాలేదు, ఈ వారం బయటికి వదిలితే ఇబ్బందవుతుంది" అని చెప్పిందట. తర్వాత మేనేజరు విడిగా పిలిచి, అందరి ముందూ అలాంటివి అనకూడదన్నాడట. వదిలారు. ఇబ్బంది అయింది. "మీ టీమే కదా నిర్ణయించుకుంది" అన్నాడట. ఆ రాత్రి అది అన్నం తినలేదు.

నన్ను తొలిచింది ఇక్కడే. చెప్పినట్టు చేసే మనిషికి చిన్నదైనా ఒక ఊరట ఉంది. తప్పు జరిగితే కనీసం తన మనసుకి తాను చెప్పుకోగలదు, చెప్పినవాడిదీ తప్పని. నిర్ణయం చేతికివ్వకుండా జవాబుదారీ మాత్రం ఇస్తే, ఆ ఊరట కూడా లాక్కున్నట్టే కదా? పేరుకి స్వేచ్ఛ, తీరా చూస్తే నింద మోసే బరువు. దీనికన్నా పాత అజమాయిషీయే నిజాయితీ అయినదేమో!

అలా కాకుండా నిజంగా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఎజైల్ వేళ్ళు వెతుక్కుంటూ పోతే జపాను కార్ల ఫ్యాక్టరీలు కూడా తగులుతాయి. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్ళో జనరల్ మోటార్స్ వాళ్ళ ఫ్యాక్టరీ ఉండేది. కార్మికులకీ యాజమాన్యానికీ క్షణం పడక, నాగాలు పెరిగి, 1982లో మూతపడింది. 1984లో టయోటా వాళ్ళు జనరల్ మోటార్స్‌తో పొత్తు కలిసి దాన్ని మళ్ళీ తెరిచి, పాత కార్మికుల్నే చాలామందిని పన్లోకి తీసుకున్నారు. కార్లు తయారయ్యే వరస పొడుగునా తాడు కట్టి, లోపం కనిపిస్తే ఎవరైనా లాగవచ్చన్నారు. లాగితే పైవాడు పరిగెత్తుకొచ్చేది తిట్టటానికి కాదు, సాయానికి. అప్పటికీ సర్దుకోకపోతే వరసంతా ఆగిపోతుంది. పనికిమాలినవాళ్ళని పేరుపడ్డ ఆ మనుషులే మంచి కార్లు చేశారు. ఆ ఉమ్మడి ఫ్యాక్టరీ 2010లో మూతపడ్డా ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పద్ధతిని జనరల్ మోటార్స్ తన మిగతా ఫ్యాక్టరీలకి తీసుకువెళ్ళబోతే మాత్రం అంత తేలిగ్గా సాగలేదు. తాడు కట్టటం ఒక పూట పని. లాగినవాణ్ణి గుడ్లురిమి చూడకుండా ఉండటానికి ఏళ్ళు పడుతుంది.

అలాగని ఆ మేనేజర్లనీ తిట్టలేను. ఇరవయ్యేళ్ళు "ఇలా చెయ్యండి" అని చెప్పి జీతం తీసుకున్న మనిషిని ఒక్కసారిగా చెప్పొద్దంటే, ఇంక నేనెందుకు అనిపించదూ? మా అత్తగారికీ ఆ భయమే ఉండి ఉంటుంది. తాళాలు పోయాక ఇంట్లో తానెవరు? నాకప్పుడది తెలియలేదు.

ఆవిడ పెత్తనం నిజంగా ఇచ్చిన రోజు సంక్రాంతి కాదు. ఒక వేసవిలో నేను ఉప్పు తక్కువ వేసి, పెద్ద జాడీడు ఆవకాయకి బూజు పట్టించాను. ఏడాది ఊరగాయ! వణుకుతూ మూత తీసి చూపించాను. ఆవిడ చాలాసేపు జాడీలోకే చూశారు. "పై ఏడు కూడా ఉప్పు నువ్వే కొలుద్దువు గాని" అని లేచి వెళ్ళిపోయారు. అంతే. ఆ తర్వాత నెయ్యి గిన్నె సంగతి ఎన్నడూ అడగలేదు. పొరపాటు జరిగాక కూడా కొలపాత్ర మన చేతిలోనే ఉంచినప్పుడు కదా, అది మనదని నమ్మకం కుదిరేది!

ఇదంతా మా పిల్లకి చెప్పి, ఆ ఉత్సాహంలో "ఆదివారం వంట పూర్తిగా నీదే, నేను ఆ ఛాయలకి రాను" అని మాటిచ్చేశాను. ఆదివారం వచ్చింది. పోపు మాడుతున్న వాసన వచ్చింది. ఎప్పుడు లేచానో తెలియదు, వంటింటి గుమ్మంలో ఉన్నాను.

అది గరిటె ఆపి, వెనక్కి తిరిగి చూసింది.

"పిన్నీ, ఇది కూడా స్టాండపేనా?" అంది.