తన రక్తమే తనకు మందగునా?



మన బయ్యారము చుట్టుపట్ల మిరప తోటలలో వంగి కాయలు ఏరువారికిని, నాట్లు వేయువారికిని మోకాళ్ల నొప్పి ఎంత సామాన్యమో మీరెరుగుదురు. ఇట్టివారిలో కొందరు పట్టణమునకు పోయి వచ్చి, "అయ్యగారూ, గుజ్జు అరిగినదట. నా రక్తమే తీసి నా మోకాలికే సూది వేస్తారట. అందుకు పాడి బర్రెను అమ్మవలె. నా రక్తమే కదా, తప్పేమి?" అని అడుగుచున్నారు.

ఆ సూదిని పి.ఆర్.పి. అందురు. చేతినుండి కొంత రక్తము తీసి యంత్రములో గిరగిర త్రిప్పుదురు. ఎఱ్ఱకణములు అడుగునకు దిగును. ప్లేట్‌లెట్లు మిక్కుటముగానున్న పసుపుపచ్చని ద్రవమును వేరుచేయుదురు. డెంగ్యూ జ్వరపు దినములలో "ప్లేట్‌లెట్లు పడిపోయినవి" అని విందుమే, అవియే ఇవి. గాయమైనచోట రక్తమును గడ్డకట్టించి, ఆ గాయము మానుటకు తోడ్పడు పదార్థములను విడుచుట వీటి పని. కనుక అరిగిన కీలులోను, నొచ్చిన స్నాయువులోను వీటిని ఎక్కించినయెడల అవియు మానునేమో యని వైద్యులు తలంచిరి.

తలంపు మంచిదే, కాని పరీక్షింపవలెను గదా. ఆస్ట్రేలియాలో 288 మంది మోకాలి రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు ఈ ప్లాస్మాను, రెండవదానికి ఉప్పునీటిని, వారమునకొకటి చొప్పున మూడు సూదులు వేసిరి. తమకేది వేసిరో రోగులెరుగరు. ఏడాది తరువాత చూడగా ఇరుపక్షములవారికిని నొప్పి తగ్గెను. చెప్పుకొనదగిన భేదము లేదు. గుజ్జు విషయములోను భేదము కానరాలేదు. ఇది 2021లో ప్రకటింపబడెను. మేలు కనబడినదను పరిశోధనలును కొన్ని లేకపోలేదు. వైద్యులలో వాదము ఇంకను నడుచుచున్నది.

ఉప్పునీరు పొందినవారి ఉపశమనము అబద్ధమా? కాదని నా తలంపు. నొప్పి హెచ్చినప్పుడే వైద్యునియొద్దకు పోవుదుము. పిమ్మట అది కొంత తగ్గుట సహజము. ఆదరముతో తాకిన చేయియు, నమ్మికయు నొప్పిని తగ్గించును. ఏలాగు తగ్గినను తగ్గిన నొప్పి తగ్గినదే. అయినను, "గుజ్జు మరల పెరుగును" అని రూఢిగా చెప్పి సొమ్ము తీసికొనుట వేరు సంగతి. సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు ఉంచుకొనవద్దని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. బియ్యము తూచువానికి ఆ నియమముండగా, ఆశను అమ్మువానికి లేదా? "మేలు కలుగవచ్చును, కలుగకపోవచ్చును, ఇంత ఖర్చగును" అని చెప్పి, నిర్ణయమును రోగికే విడుచు వైద్యునియందు నాకు దోషము కనబడదు.

"నా రక్తమే కదా" అను మాటలో ఒక చిక్కున్నది. ప్రాణము రక్తములో నున్నదని లేవీయకాండములో చదివినవారము గనుక, రక్తమనగానే మన మనస్సు వంగును. తన రక్తము తనకు పడకపోవుట అరుదే. శుభ్రత లేనిచో మాత్రము కీలులో చీము పట్టవచ్చును. అయితే హాని చేయనిదెల్ల మేలు చేయునా?

రక్తస్రావముగల స్త్రీ తనకున్నదంతయు వైద్యులకు వ్యయపరచి మరింత కష్టపడెనని మార్కు వ్రాసెను. మరింత కష్టపడెనను మాట వైద్యుడైన లూకా సువార్తలో లేదు. తన వృత్తివారిమీద జాలిపడెనేమో! ఆమె వైద్యులను ఆశ్రయించుట తప్పని మాత్రము ఇద్దరిలో ఎవరును వ్రాయలేదు.

బర్రెను సంతకు తోలకముందు, సూది వేయువానిని గాక మరియొక ఎముకల వైద్యుని అడుగుడి. మానుకోటలో 2022 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల యున్నది. తొడ కండలను బలపరచు వ్యాయామము, బరువెక్కువైనవారు దానిని తగ్గించుకొనుట మోకాలికి మేలని వైద్యులు సాధారణముగా ఒప్పుదురు. కుర్చీలో కూర్చుండి కాలు ముందుకు చాచి కొంతసేపు నిలిపి దించుటకు ఒక్క రూపాయియు ఖర్చు లేదు.