ఆ పేజీ చింపకమ్మా

అమ్మడికి,

నీ ఉత్తరం అందింది. ఆరు ప్లేట్లలో రెండింటిలో కణాలు అతుక్కోలేదనీ, ఆ రెండూ లెక్కలోంచి తీసేస్తే గ్రాఫ్ చక్కగా వస్తుందనీ రాశావు. తీసేయనా అని నువ్వు అడగలేదు గానీ, అడగడానికే రాశావని నాకు తెలుసు. తీసేయకు తల్లీ.

కాడ్‌హెరిన్ అనే మాట నీ నోట్‌బుక్‌లో రోజూ రాస్తావు కదా, ఆ పేరు పెట్టిన మసతోషి తకెయిచి సంగతి చెబుతాను విను. జపాన్‌లో, క్యోటో విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1970ల్లో అమెరికా వెళ్లి, బాల్టిమోర్‌లోని కార్నెగీ సంస్థ పిండశాస్త్ర విభాగంలో చేరాడాయన. అక్కడా పాత ప్రయోగమే మొదలుపెట్టాడు. ప్రొటీన్లను కోసే ట్రిప్సిన్ పోసి కణాలను విడదీయడం, వాటిని ద్రవంలో తిప్పుతూ మళ్లీ ముద్దకడతాయో లేదో చూడడం. క్యోటోలో చక్కగా ముద్దకట్టినవి బాల్టిమోర్‌లో విడివిడిగా ఉండిపోయాయి. మనిషి అదే, చెయ్యి అదే. కొత్త చోటు, ఇంకా కుదురుకోలేదు అనుకుని ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. ట్రిప్సిన్‌లో ఏం కలిపారని చూశాడు. అక్కడివాళ్లు ఈడీటీఏ కలిపేవారు, క్యోటోలో కలిపేవారు కాదు. తేడా అంతే.

ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కాల్షియం ఉంటే కణాలను ఒకదానికొకటి అతికించే ప్రొటీన్‌ను ట్రిప్సిన్ కోయలేదు. కాల్షియం పోయిందా, కోసి పారేస్తుంది. అలా పాడైన ప్రయోగంలోంచే కాల్షియంతో నడిచే అతుకు ఒకటుందని తేలింది. చైనీస్ హ్యామ్‌స్టర్ ఊపిరితిత్తి కణాలతో ఆ సంగతి నిరూపించిన వ్యాసం 1977లో వచ్చింది. ఆ అతికించే ప్రొటీన్‌కు కాడ్‌హెరిన్ అనే పేరు 1984లో గానీ రాలేదు. జన్యువును పట్టుకుని, ఒకదానికొకటి గట్టిగా అంటుకోని ఎలుక కణాల్లో పెడితే అవి దగ్గరగా చేరి గుంపు కట్టాయని చూపింది 1987లో. జపాన్ ప్రైజ్ 2005లో. బయోడేటాలో వ్యాసాలు లెక్కపెట్టే రోజులివి. నేను మాత్రం ఏళ్ల మధ్య ఖాళీలు చూస్తాను. 1977కీ 1984కీ మధ్య ఏడేళ్లు ఆ మనిషి ఒక్క ప్రశ్ననే పట్టుకు కూర్చున్నాడు.

ఆ ప్రశ్న ఎంత దూరం పోయిందో చూడు. రొమ్ము క్యాన్సర్లలో లోబ్యులర్ రకం స్లైడు ఎప్పుడైనా చూశావా? కణాలు గడ్డగా ఉండవు. ఒకదాని వెనక ఒకటి, చీమల బారులా వరసకట్టి పోతుంటాయి. వాటిలో చాలావాటికి, కాడ్‌హెరిన్లలో ఒకటైన ఈ-కాడ్‌హెరిన్ ఉండదు. న్యూజిలాండ్‌లో ఒక మావోరీ కుటుంబం ఉంది. తరతరాలుగా పొట్ట క్యాన్సర్‌తో చిన్న వయసులోనే మనుషుల్ని పోగొట్టుకుంటూ వచ్చి, చివరికి వాళ్లే శాస్త్రవేత్తల దగ్గరికి వెళ్లారు. ప్యారీ గిల్ఫర్డ్ బృందం 1998లో లోపం ఈ-కాడ్‌హెరిన్ జన్యువులోనే ఉందని కనిపెట్టింది. ఇప్పుడు ఆ లోపం ఉన్నవాళ్లలో చాలామంది జబ్బు రాకముందే పొట్ట తీయించుకుని బతుకుతున్నారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అలాగని ఈ-కాడ్‌హెరిన్ ఉంటే మంచి, పోతే చెడు అని రాసేసుకోకు. అదే బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్‌లో ఆండ్రూ యూవాల్డ్ బృందం 2019లో ఎలుకల రొమ్ము క్యాన్సర్ మీద చేసిన పనిలో, ఈ ప్రొటీన్ తీసేస్తే కణాలు చుట్టుపక్కలకు ఇంకా ఎక్కువగా చొరబడ్డాయి గానీ, బతికి వేరే చోట గడ్డ కట్టడం మాత్రం తగ్గింది. అందరూ అనుకున్నదానికి ఎదురొచ్చిన ఫలితం. వాళ్లూ ఎదురొచ్చిన ప్లేట్లు పక్కన పెట్టేసి ఉంటే ఆ సంగతి మనకు తెలిసేది కాదు.

ఇంట్లో ఎవరికీ చెప్పని మాట ఒకటి నీకు చెబుతున్నాను. ఎమ్మెస్సీలో కోడి పిండం గుండె కణాలు పెంచాను. ఎనిమిది సీసాల్లో రెండింటిలో అతుక్కోలేదు. పరీక్ష దగ్గరపడింది. ఆ రెండింటి ఎదురుగా "బూజు పట్టింది" అని రాసి కొట్టేశాను. బూజు పట్టలేదు. నాకు మార్కులు బాగానే వచ్చాయి. కొన్నేళ్లకు లైబ్రరీలో ఆ 1977 వ్యాసం చదువుతుంటే నా రెండు సీసాలూ కళ్ల ముందు నిలబడ్డాయి. వాటికి వాడిన ద్రావణం ఎవరు కలిపారో, అందులో ఏముందో నేను రాసుకోలేదు. కాల్షియమే కారణమా, ఇంకేదైనానా? నాకిక ఎప్పటికీ తెలియదు. ఆ రోజు ఎవరూ నన్ను బలవంతం చేయలేదమ్మా, నా అంతట నేనే చేశాను.

మీ గైడుగారికి ఆరు ప్లేట్లూ చూపించు. ఆయన విసుక్కుంటే విసుక్కోనీ, నెమ్మదిగా చెప్పు. ముందు ఆ రెండు ప్లేట్లకు ట్రిప్సిన్ ఏ సీసాలోంచి తీశావో, అది ఎవరు ఏ తేదీన కలిపారో వెతికి, తేదీతో సహా పెన్నుతో రాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు నోట్‌బుక్ తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. మీ పెద్దమ్మ అరిసెలకు బియ్యం నానబోసే రోజుకల్లా వచ్చేయమంటోంది.

పెద్దనాన్న