చదువు ముందా? సేవ ముందా?



ఈ మధ్య ఒక శనివారం సాయంత్రం మా విచారణకు చెందిన ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. అబ్బాయి గురువిద్యార్థి. పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం రెండవ సంవత్సరం ముగించి సెలవులకు ఇంటికి వచ్చాడు. ఆ తల్లి కూర్చోకముందే మొదలుపెట్టింది. "ఫాదర్ గారూ, వీడికి ఒక పరీక్ష పోయింది. తిరిగి వెళ్ళగానే మళ్ళీ రాయాలి. అయినా పుస్తకం తీయడు. పొద్దుటినుంచి రాత్రిదాకా యూత్ మీటింగులు, పాటల ప్రాక్టీసు, వాలీబాల్. అన్నానికి కూడా ఇంటికి రాడు. మీరైనా చెప్పండి."

అబ్బాయి కొంతసేపు తల వంచుకొని ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఫాదర్, మన పేటలో కుర్రాళ్ళు చాలామంది గుడికి రావడం మానేశారు. కొందరు తాగుడుకు అలవాటుపడ్డారు. నేను పిలిస్తే వస్తున్నారు. వాళ్ళను వదిలేసి అరిస్టాటిల్‌ను చదువుకోమంటారా? రేపు నేను గురువునైతే వాళ్ళకు అరిస్టాటిల్‌తో పనేముంది?"

తల్లి మాటలో న్యాయముంది. కొడుకు మాటలోనూ న్యాయముంది. "వచ్చే శనివారం రండి, మాట్లాడుకుందాం" అని పంపించాను. నిజం చెప్పాలంటే ఆ వారం గడువు నాకోసమే తీసుకున్నాను. ముప్పై ఏళ్ళ క్రితం ఇదే ప్రశ్న నన్ను కూడా వేధించింది. పేర్లు రాయనని చెప్పి, వారి అనుమతితోనే ఈ సంగతి మీ ముందు పెడుతున్నాను. ఎందుకంటే ఇది గురువిద్యార్థుల సమస్య మాత్రమే కాదు. బిడ్డలు చదువుకుంటున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో ఉన్నదే.

ముందుగా శ్రీసభ ఏమి కోరుతున్నదో చూద్దాం. గురువు కాబోయేవారు తత్వశాస్త్రం కనీసం రెండేళ్ళు, దైవశాస్త్రం నాలుగేళ్ళు, మొత్తం ఆరేళ్ళకు తక్కువ కాకుండా చదవాలని 1983 నాటి శ్రీసభ చట్టం చెబుతుంది. మన దేశంలో ఆ రెండింటి నడుమ 'రీజెన్సీ' పేరుతో విచారణలోనో, హాస్టల్లోనో, బడిలోనో పనిచేసే కాలం కూడా ఉంటుంది. 1992లో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు గురువుల శిక్షణను గూర్చి రాసిన లేఖలో నాలుగు అంశాలు చెప్పారు. మంచి మనిషిగా ఎదగడం, ప్రార్థనలో ఎదగడం, చదువులో ఎదగడం, ప్రజల సేవలో ఎదగడం. 2016లో వాటికన్ ప్రకటించిన శిక్షణా సూత్రాలు కూడా ఈ నాలుగింటినే తిరిగి నొక్కిచెప్పాయి. ఇవి మంచానికి నాలుగు కోళ్ళవంటివి. ఒక్క కోడు పొట్టిదైతే చాలు, మిగిలిన మూడు ఎంత బలంగా ఉన్నా ఆ మంచం మీద ఎవరికీ నిద్రపట్టదు.

ఈ మాట చెప్పడం తేలిక. నేను దీన్ని రెండు తప్పులు చేసి నేర్చుకున్నాను.

సెమినరీలో ఉండగా ఆదివారాల్లో మమ్మల్ని ఇద్దరిద్దరిగా చుట్టుపక్కల బస్తీలకు పంపేవారు. నాకు హార్మోనియం వచ్చు, నాలుగు పాటలు వచ్చు. కుర్రాళ్ళు "బ్రదర్, బ్రదర్" అంటూ చుట్టూ మూగేవారు. వారమంతా నా మనసు ఆ ఆదివారం మీదనే ఉండేది. ఒకసారి పదిహేడేళ్ళ కుర్రవాడు మీటింగు అయిపోయాక ఆగి, అందరూ వెళ్ళేదాకా చూసి అడిగాడు: "బ్రదర్, మా నాన్న తాగొచ్చి అమ్మను కొడతాడు. రాత్రి నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకొని ఆపాను. నాలుగో ఆజ్ఞ మీరినట్టేనా? పాపసంకీర్తనంలో చెప్పాలా?"

నాకేం చెప్పాలో తోచలేదు. బస్సు వేళవుతోంది. "ఎంతైనా తండ్రే కదా తమ్ముడూ. ఓర్చుకో, ప్రార్థన చెయ్యి" అన్నాను. వాడు సరేనని తల ఊపి వెళ్ళిపోయాడు.

కొన్ని నెలల తర్వాత పరీక్షల కోసం నైతికశాస్త్రం నోట్సు తిరగేస్తుంటే ఆ కుర్రవాడికి చెప్పవలసిన జవాబు అక్కడ ఉంది. తల్లిదండ్రులకు విధేయత పాపంలో పాలుపంచుకునేంతవరకు పోదనీ, దెబ్బలు తినే బలహీనుణ్ణి కాపాడటం న్యాయమేననీ, కోపంతో తిరిగి కొట్టడం వేరు, కొట్టే చేతిని ఆపడం వేరనీ పునీత తోమాసు అక్వినాసును ఆధారంగా చేసుకొని మా ప్రొఫెసరుగారు ఎప్పుడో వివరించారు. ఆ రోజు నేను వెనుక బెంచీలో కూర్చొని యువజనుల నాటికకు సంభాషణలు రాసుకుంటున్నాను. నోట్సు కూడా పక్కవాడి దగ్గర ఎత్తిరాసుకున్నదే. మరుసటి ఆదివారం ఆ కుర్రవాడి ఇంటికి వెళితే తలుపుకు తాళం ఉంది. ఆ కుటుంబం పనికోసం ఎటో వెళ్ళిపోయిందన్నారు. నేను చెప్పిన ఆ మాటే మోసుకొని వాడు వెళ్ళాడు. ఎన్నిసార్లు తల్లిని కొడుతుంటే చూస్తూ ఓర్చుకున్నాడో నాకు తెలియదు.

ఆ దెబ్బతో నేను రెండో అంచుకు పోయాను. ఇక చదువే దైవసేవ అనుకున్నాను. వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చి అరుగు మీద పుస్తకం పట్టుకొని కూర్చునేవాణ్ణి. నాన్న ఒక్కడే చేనుకు పోయేవాడు. పదో తరగతి తప్పిన చెల్లెలు లెక్కలు చెప్పమని వచ్చి, నా ముఖం చూసి వెనక్కు పోయేది. ఒకరోజు అమ్మ జ్వరంతోనే బోరింగు దగ్గరనుంచి నీళ్ళు తెస్తూ నా ముందు ఆగింది. ఆమెకు చదువు రాదు. "పుస్తకంలో దేవుణ్ణి వెతుకుతున్నావు, మంచిదే నాయనా. బిందె మాత్రం నేనే మోస్తున్నాను" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. అందుకే అది నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకమైన తప్పులని చాలాకాలం అనుకున్నాను. కాదు. రెండూ ఒకటే తప్పు. యువకుల దగ్గరకు పరుగెత్తింది వాళ్ళకోసం కాదు, వాళ్ళ చప్పట్లకోసం. పుస్తకంలో దాక్కున్నది సత్యంకోసం కాదు, పుస్తకం నన్ను ఎదురు ప్రశ్న వేయదు గనుక. రెండుచోట్లా నేను వెతికింది నన్నే.

సమతూకమంటే సగం సగం పంచడం కాదని అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక చక్కని ఉదాహరణతో చెబుతాడు. పది పాళ్ళ తిండి ఎక్కువ, రెండు పాళ్ళు తక్కువ అయితే, లెక్క ప్రకారం నడిమిది ఆరు. అలాగని గురువు అందరికీ ఆరే పెట్టడు. మిలో అనే పేరుపొందిన మల్లుడికి అది చాలదు, కొత్తగా కుస్తీ నేర్చుకునేవాడికి అది ఎక్కువ. సరైన మధ్యమార్గం మనిషినిబట్టి, సమయాన్నిబట్టి, అవసరాన్నిబట్టి వివేకంతో తెలుసుకోవలసిందే. అరిస్టాటిల్‌తో పనేముందని అడిగిన మా అబ్బాయి ప్రశ్నకు జవాబు మొదట అరిస్టాటిలే ఇచ్చాడు చూశారా!

అక్వినాసుగారు చదువు పట్ల శ్రద్ధను ఒక సుగుణంగా లెక్కించి, దాన్ని మితానికి చెందిన సుగుణాల్లో చేర్చారు. అందులో రెండు పనులున్నాయంటారు. తెలుసుకోవాలనే ఆశ హద్దు మీరితే కళ్ళెం వేయాలి. శరీరం బద్ధకిస్తే అదిలించాలి. ఒకే గుర్రానికి ఒకనాడు కళ్ళెం, ఒకనాడు అదిలింపు. ఏనాడు ఏది కావాలో తెలియాలంటే మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇప్పుడు నన్ను లాగుతున్నది ఎదుటివారి అవసరమా, నా అవసరమా?

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. "అవసరాలకు అంతెక్కడుంది ఫాదర్? అవసరమే కొలత అయితే చదువు ఎప్పటికీ వెనుకబడుతుంది కదా?" నిజమే. అందుకే అవసరాల్లో కూడా తేడా చూడాలి. అర్ధరాత్రి రోగి కోసం తలుపు తడితే పుస్తకం మూయవలసిందే. పరీక్ష రేపు ఉన్నా మూయవలసిందే. కాని ప్రతి సాయంత్రం వాలీబాల్ నడపడానికి నువ్వే ఉండాలా? ఆ కుర్రాళ్ళలోనే ఒకరికి అప్పగించవచ్చు. మరో సంగతి కూడా ఉంది. కళ్ళముందు నిలబడినవారే కాదు, ఇంకా మనం చూడనివారు కూడా మన పొరుగువారే. గురువిద్యార్థి ఈనాడు చదివే పాఠం ముప్పై ఏళ్ళ తర్వాత ఏదో ఊరిలో, ఎవరో బిడ్డ అడగబోయే ప్రశ్నకు జవాబు. ఆ బిడ్డ ముఖం కనబడదు గనుక అన్యాయం చేస్తున్నట్టు అనిపించదు. నేను నా ప్రొఫెసరుగారికి అన్యాయం చేయలేదు. ఆ పదిహేడేళ్ళ కుర్రవాడికి చేశాను.

చదువునూ, యువజన సేవనూ, రోజువారీ కష్టాన్నీ ఒకే జీవితంలో ఇముడ్చుకున్నవారు మన కాలంలోనే ఉన్నారు. పోలెండు దేశాన్ని నాజీలు ఆక్రమించిన రోజుల్లో కారొల్ వొయితీవా అనే యువకుడు మొదట రాతి క్వారీలోనూ, తర్వాత సోల్వే రసాయన కర్మాగారంలోనూ కూలిగా పనిచేశాడు. 1941లో తండ్రి చనిపోయాడు. 1942లో క్రాకోవ్‌లో రహస్యంగా నడుస్తున్న సెమినరీలో చేరాడు. రాత్రి షిఫ్టుల్లో బకెట్లు మోస్తూ, ఖాళీ దొరికినప్పుడు అక్కడే కూర్చొని కొరకరాని తత్వశాస్త్ర గ్రంథంతో కుస్తీపట్టాడు. 1946లో గురువయ్యాడు. 1949 నుంచి క్రాకోవ్‌లోని పునీత ఫ్లోరియన్ విచారణలో కళాశాల విద్యార్థుల మధ్య పనిచేస్తూ, వారితో కొండలెక్కాడు, చిన్న పడవల్లో నదులు దాటాడు. కమ్యూనిస్టు ప్రభుత్వ గూఢచారుల కంటబడకుండా వాళ్ళు ఆయన్ను 'మామయ్య' అని పిలిచేవారు. ప్రేమ గురించి, పెళ్ళి గురించి ఆ యువకులతో జరిపిన సంభాషణల అనుభవమే 1960లో 'ప్రేమ, బాధ్యత' అనే తాత్విక గ్రంథమై వెలువడింది. ఆయనే తర్వాత రెండవ జాన్ పాల్ పోపుగారయ్యారు. గమనించండి, ఆయన చదువుకు కొన్ని గంటలు, యువతకు కొన్ని గంటలు పంచిపెట్టి ఊరుకోలేదు. యువకుల ప్రశ్నలను చదువు దగ్గరకు తెచ్చారు, చదువు ఫలాన్ని యువకుల దగ్గరకు తీసుకెళ్ళారు.

పునీత లూకాగారు కూడా తన సువార్త 10వ అధ్యాయంలో రెండు సంఘటనలను పక్కపక్కనే ఉంచారు. మొదటిది దారిలో ఆగిన మంచి సమరయుని కథ. వెంటనే ప్రభువు పాదాలచెంత కూర్చున్న మరియమ్మ కథ. ఒకరు ఆగి సేవచేసినందుకు మెప్పుపొందారు, ఒకరు కూర్చొని విన్నందుకు మెప్పుపొందారు. మార్తమ్మను ప్రభువు సున్నితంగా సరిదిద్దింది వంట చేసినందుకు కాదు, ఆ పనిలో మనసు చెదరి కలవరపడినందుకు. ఆగవలసినచోట ఆగడం, కూర్చోవలసినచోట కూర్చోవడం, రెండూ ప్రేమే.

ఇక మీ ఇళ్ళ సంగతి. బిడ్డ ఇంటర్‌లో చేరగానే "ఈ రెండేళ్ళూ గుడి, సత్యోపదేశం, గాయక బృందం అన్నీ బంద్" అనే తల్లిదండ్రులున్నారు. ర్యాంకు వచ్చాక దేవుడి దగ్గరకు పంపుతామంటారు. రెండేళ్ళు దేవుడు లేకుండా బతకడం అలవాటైన బిడ్డకు మూడో ఏడు ఆయన ఎందుకు గుర్తొస్తాడు? ఇంకోవైపు, పండుగ పందిళ్ళనీ, గుణదల యాత్రనీ నెలల తరబడి తిరిగి పరీక్షలు పోగొట్టుకొని, దాన్ని భక్తి అనుకునే యువకులూ ఉన్నారు. నాన్న కష్టార్జితంతో కట్టిన ఫీజు కూడా ఒక కానుకే బాబూ. దాన్ని పారేసి గుడికి తోరణాలు కడితే దేవుడు సంతోషిస్తాడా?

మరొక విన్నపం. సెలవులకు వచ్చిన గురువిద్యార్థిని చుట్టంలా చూడకండి. ప్రతి మీటింగుకూ, ప్రతి పుట్టినరోజు ప్రార్థనకూ లాక్కుపోకండి. ఉదయం చదువుకోనివ్వండి. ఇంట్లో బిందె కూడా మోయనివ్వండి. ఇంట్లో బరువు మోయనివాడు రేపు విచారణ బరువు ఎలా మోస్తాడు?

అన్నమాట ప్రకారం మరుసటి శనివారం తల్లీకొడుకులు వచ్చారు. నా రెండు తప్పులూ అబ్బాయికి చెప్పాను. పొద్దున దివ్యబలిపూజ అయ్యాక పదకొండు దాకా చదువు, సాయంత్రం యువకులు, రాత్రి భోజనం అమ్మానాన్నలతో అని ఒప్పుకున్నాం. ఒక నోటుపుస్తకం ఇచ్చి, "కుర్రాళ్ళు అడిగే ప్రశ్నలు ఇందులో రాసుకో. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పు. సెమినరీకి తీసుకెళ్ళి మీ ప్రొఫెసర్లను అడుగు" అన్నాను.

మొన్న వెళ్ళేముందు దాన్ని తెచ్చి చూపించాడు. పదకొండు ప్రశ్నలున్నాయి. వాటిలో ఒకటి ముప్పై ఏళ్ళ క్రితం ఆ కుర్రవాడు నన్ను అడిగినలాంటిదే. ఇద్దరం కూర్చొని దాని మీద గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ సాయంత్రమే వెళ్ళి, అడిగిన అబ్బాయిని కలిసి వచ్చాడు.

కూర్చోవలసిన వేళ కూర్చునే ఓర్పునూ, లేవవలసిన వేళ లేచే ప్రేమనూ ప్రభువు మన బిడ్డలకూ, మనకూ దయచేయునుగాక! ఆమెన్.