పగలు ఏం చేశావే?

"నీ వల్ల ఏమీ కాలేదమ్మా" అంది డాక్టరమ్మ. ఓదార్పుగానే అంది. మా అమ్మాయి ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. ఆ మాట మాత్రం నాకు ఇంకా మింగుడుపడలేదు.

మాయ కిందికి ఉందని ఐదో నెల స్కానింగులోనే తేలింది. ప్లసెంటా ప్రీవియా. గర్భసంచి నోటికి అడ్డంగా మాయ పరుచుకుని ఉంది, బిడ్డ బయటికి రావలసిన దారి మీదే. "కంగారుపడకు, చాలామందికి పైకి జరిగిపోతుంది" అన్నారు. నిజానికి మాయ ఎక్కడికీ జరగదు. అంటుకున్నచోటే ఉంటుంది. గర్భసంచి కింది భాగం సాగేకొద్దీ దానికీ ఆ నోటికీ మధ్య ఎడం పెరుగుతుంది. ఐదో నెలలో కిందికి కనబడినవి పదింట తొమ్మిది అలాగే సర్దుకుంటాయి. నెలలు నిండేదాకా అడ్డంగానే ఉండిపోవడం సుమారు రెండు వందల కాన్పుల్లో ఒకరికి. అంతకుముందు సిజేరియన్ అయినవాళ్లకి, గర్భసంచి శుభ్రం చేయించుకున్నవాళ్లకి, వయసు మీరినవాళ్లకి, కవలలు ఉన్నవాళ్లకి, పొగతాగేవాళ్లకి ఆ అవకాశం ఎక్కువ. నాకు ఇందులో ఏదీ లేదు.

పురిటికి పుట్టింటికి వెళ్లడమంటే నాకు భిలాయిలోనే ఒక సెక్టర్ నుంచి ఇంకో సెక్టర్‌కి మారడమే. నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి భిలాయి ఉక్కు కర్మాగారంలో చేరారు. మా ఆయనదీ అక్కడే ఉద్యోగం, రైల్ మిల్లులో. ఎనిమిదో నెలలో ఒక రాత్రి ఆయన సి షిఫ్టుకి వెళ్లారు. నేను అమ్మ పక్కన పడుకున్నాను. తడిగా అనిపించి మెలకువ వచ్చింది. ఉమ్మనీరేమో అనుకున్నాను. లైటు వేస్తే దుప్పటి మీద రక్తం. నెలసరి రంగు కాదు, వేలు తెగినప్పుడు వచ్చే రంగు. నొప్పి లేదు. ఇసుమంత కూడా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నొప్పి ఉంటే ఒళ్లు ఏదో చెబుతోందనుకుంటాం. ఇక్కడ ఒంటికే కబురు తెలియదు. పొట్టలో పిల్ల ఎప్పటిలాగే కాలు జాడిస్తోంది.

పక్క క్వార్టర్ దీదీ వాళ్లాయన కారు తీశాడు. వెనక సీట్లో నా తల అమ్మ ఒడిలో ఉంది. సెంట్రల్ అవెన్యూ మీద దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. అమ్మ నా పొట్ట మీద చెయ్యి వేసి అడిగింది: "పగలు ఏం చేశావే?"

"బకెట్ ఎత్తాను."

తడుముకోకుండా చెప్పాను. జవాబు నాలుక మీద సిద్ధంగా ఉంది, ఎవరో ముందే పెట్టి ఉంచినట్టు. సగం నిండిన ప్లాస్టిక్ బకెట్, అందులో జాడించిన లంగాలు, బాత్రూం నుంచి పెరటి తీగ దాకా. అమ్మ ఇంకేమీ అనలేదు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆస్పత్రిలో నా కేసు షీటు మీద, లోపల వేలు పెట్టి పరీక్ష చెయ్యకూడదని ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు కొట్టారు. తెల్లారి రక్తం తగ్గాక డాక్టరమ్మకి బకెట్ సంగతి చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. కింది భాగం సాగుతుంటే మాయ అంచు ఊడుతుంది, ఊడినచోట కారుతుంది. బకెట్ ఎత్తకపోయినా ఆ రాత్రి అది జరిగేదే. నీ వల్ల ఏమీ కాలేదు.

గుండె తేలిక పడాలి కదా? పడలేదు. తప్పు నాదైతే దిద్దుకునే వీలు కూడా నాదే. ఇక బకెట్ ముట్టుకోను, మెట్లు ఎక్కను, ఎడమవైపే తిరిగి పడుకుంటాను, రక్తం రాదు. అలా నమ్మితే రాత్రి నిద్రపట్టేది. తప్పు నాది కాదన్నాక నా చేతిలో ఏం మిగిలింది? అమ్మ ప్రశ్న క్రూరమైనదని తరవాత చాలామంది నాతో అన్నారు. నాకు అలా అనిపించదు. ఆవిడా నాలాగే పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికింది.

పోనీ అది ప్రేమే అనుకుని ఊరుకుందామంటే, పక్క మంచం గుర్తొస్తుంది. దుర్గ్ వైపు ఊరి పిల్ల. ఆమెకీ మాయ కిందికే ఉండేదట, ఏడో నెల స్కానింగుకి సర్దుకుంది. వేరే ఏదో ఇబ్బందితో చేరింది. డోంగర్‌గఢ్ బమ్లేశ్వరీ మాతకి మొక్కుకున్నామని, కొండ మెట్లన్నీ వాళ్లత్త ఎక్కివచ్చిందని సంతోషంగా చెప్పేది. మా అమ్మ సెక్టర్ 5 బాలాజీ గుడిలో మొక్కుకుంది. నాకు సర్దుకోలేదు. అంటే మా అమ్మ భక్తిలో తక్కువేమిటి? ఆ పిల్ల అలా అనలేదు, అనుకుని కూడా ఉండదు. కానీ తన బిడ్డ దేవుడి దయవల్ల బతికిందని ఒక తల్లి అంటే, బిడ్డ దక్కని తల్లి పక్క మంచం మీద ఆ మాట విని ఏం అర్థం చేసుకోవాలి? పూర్వజన్మ కర్మ అనే మాటా అంతే. అదీ బకెట్టే, కాకపోతే వెనకటి జన్మలో ఎత్తింది. ఈ జన్మలో తప్పు దొరక్కపోతే అక్కడికి వెళ్లి వెతుకుతారు, ఎలాగైనా ఆడదాని చేతిలోనే ఉండాలని.

ఇక్కడిదాకా నాకు స్పష్టంగానే ఉంది. దీని తరవాతే చిక్కు. "ఇది ఎవరి తప్పూ కాదు" అని డాక్టరమ్మ, "నుదుటి రాత" అని పెద్దమ్మ. రెండూ కలిసి ఒకే చోటికి వస్తున్నాయా? రెండింటి తరవాతా అడగడానికి ఎవరూ మిగలరు.

అప్పుడు కుసుమ్‌బాయి గుర్తొచ్చింది. మా ప్లాంటుకి ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. అక్కడి గని కార్మికుల సంఘం, ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌లో ఆమె ఉపాధ్యక్షురాలు. మగవాళ్ల తాగుడు మాన్పించడానికి నిలబడ్డ మనిషి. కాన్పులో సరైన వైద్యం అందక పోయింది. ప్రసవం ఆడదానికి పునర్జన్మ అంటాం మనం. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చావు పక్కనే ఉందన్న సంగతికి పసుపు కుంకుమలు పెట్టి కూర్చోబెట్టే మాట అది. దల్లీ కార్మికులు ఆ మాట అనుకుని ఊరుకోలేదు, రాత అని సరిపెట్టుకోలేదు. సొంత డబ్బూ సొంత రెక్కలూ పెట్టి ఆస్పత్రి కట్టుకున్నారు. 1977 జూన్‌లో అక్కడ పోలీసు కాల్పుల్లో చనిపోయిన పదకొండు మంది పేరున అది షహీద్ ఆస్పత్రి అయింది. 1983 జూన్ 3న తెరిచారు. కుసుమ్‌బాయికి వచ్చిన కష్టం నాకు వచ్చినదేనని నేను అనడం లేదు. ఆమె చావుకి కారణం అడిగినవాళ్లు ఆమె పగలంతా ఏం చేసిందని అడగలేదు, అదొక్కటే నేను పట్టుకున్నది.

నాకు రక్తం కారడానికి ఎవరూ కారణం కాకపోవచ్చు. కారి చనిపోతే మాత్రం కారకులు ఉండి ఉండేవారు.

ఒకప్పుడు నాకు వచ్చిన ఈ జబ్బుకి రక్తం కనబడగానే కాన్పు చేసేసేవారు. నెలలు నిండని పిల్లలు చాలామంది పోయేవారు. 1945లో బెల్‌ఫాస్ట్ డాక్టరు మెకాఫీ 174 కేసులు చూపించి, ఆగవచ్చన్నాడు. అయితే ఆస్పత్రిలోనే ఆగాలి, రక్తం సిద్ధంగా ఉండాలి, ఏ గంటకైనా ఆపరేషన్ చెయ్యగలగాలి. ఇది తెలిశాక నా పడక నాకు వేరేగా కనిపించింది. పడుకున్నందువల్ల రక్తం ఆగుతుందని గట్టి రుజువేమీ లేదట. నన్ను కాపాడింది నేను పడుకోవడం కాదు, థియేటర్‌కి దగ్గర్లో పడుకోవడం. నేను కదలకుండా ఉంటే చాలదు, ఎవరో ఒకరు రాత్రంతా మేలుకుని ఉండాలి.

ముప్ఫయ్యారో వారంలో మళ్లీ రక్తం పోయింది. పిల్ల ఊపిరితిత్తుల కోసం ఇంజక్షన్లు ముందే ఇచ్చి ఉన్నారు. ఆపరేషన్ చేశారు. నాకు ఎక్కించిన సంచి మీద చీటీ చూశాను. గ్రూపు, ఒక నంబరు, తేదీలు. పేరు లేదు. మా ఆయన మిల్లువాళ్లు తరవాత వచ్చి రక్తం ఇచ్చారు, అది బ్యాంకులో ఇంకెవరికోసమో ఉండిపోయింది. నాలోకి వచ్చినది అంతకుముందు ఇంకెవరో ఇచ్చినది. ఆ మనిషికి నా మంచితనంతో పని లేదు, మా అమ్మ మొక్కుతో పని లేదు, బకెట్‌తో అసలే లేదు.

ఇంత అనుకున్నా, సందేహం పూర్తిగా తీరిందని చెప్పలేను. "ఏముందిలే, మంచం మీద పడుకున్నావు, అంతేగా" అని ఎవరైనా అంటే ఇప్పటికీ కోపం వస్తుంది. నా వల్ల ఏమీ కాలేదన్న మాటే ఒప్పుకుంటే ఆ కోపం ఎందుకు రావాలి? తప్పు నాది కాదని అనిపించుకోవాలి, గెలుపులో మాత్రం నాకు వాటా ఉండాలి. ఈ రెండూ కుదరవని తెలుసు. అయినా రెండూ కావాలి.

మొన్న మరదలు ఫోన్ చేసింది. పలాస దగ్గర ఉంటారు. ఐదో నెల. స్కానింగులో మాయ కిందికి ఉందన్నారట. "నేనేం చెయ్యకూడదు వదినా?" అంది.

డాక్టరు చెప్పినట్టు చెయ్యమన్నాను. తరవాత నేనే అడిగాను. రాత్రిపూట ఆపరేషన్ చేసే ఆస్పత్రి ఎంత దూరం? అక్కడ రక్తం దొరుకుతుందా, బయట నుంచి తేవాలా? నీ గ్రూపు ఏమిటి, ఆ గ్రూపు వాళ్లు మీ వీధిలో ఎవరు? అర్ధరాత్రి పిలిస్తే కారు తీసేదెవరు?

"అవన్నీ నాకేం తెలుసు, మీ తమ్ముడిని అడగాలి" అంది.

వాడికి ఫోన్ ఇవ్వమన్నాను.