నవ్వించే గీత, నొప్పించే గీత



పొద్దున్నే పేపరు చేతికి రాగానే మీ కళ్లు ముందు ఎక్కడికి వెళతాయి? నిజం చెప్పండి. సంపాదకీయం మీదికి కాదు, కార్టూను మీదికి! పెనుమూడి రేవులో పడవ కోసం కాచుకున్న రోజుల్లోనైనా, వారధి మీదుగా బస్సులో పులిగడ్డ దాటిపోయే ఈ రోజుల్లోనైనా, టీ కొట్టు దగ్గర ఒక్క పేపరు పదిమంది చేతులు మారుతుంది. చదువురాని పెద్దాయన కూడా "ఏదీ, ఆ బొమ్మ ఇటు చూపించు" అంటాడు. చూస్తాడు, నవ్వుతాడు. ఆ నవ్వుతోనే ఒక మంత్రిగారి మీద తీర్పు చెప్పేస్తాడు.

ఇంత తొందరగా తీర్పు చెప్పించే గీతకు ధర్మం ఏమిటి? ఎవరిని చూసి నవ్వవచ్చు? ఎక్కడ ఆగాలి?

పెద్దలను పరిహసించడం మనకు కొత్త కాదు. రాయలవారిని నవ్విస్తూనే బుద్ధి చెప్పిన తెనాలి రామకృష్ణుని కథలు వింటూ పెరిగినవాళ్లం. పత్రికల్లో తలిశెట్టి రామారావుగారు తెలుగు కార్టూనుకు దారి వేశారు. ఆంధ్రపత్రికలో బాపు గీశారు. ఈనాడులో శ్రీధర్ 'ఇదీ సంగతి' పేరుతో 2021 వరకు దాదాపు నలభై ఏళ్లు ముఖ్యమంత్రులందరినీ పలకరించారు. 2017లో కన్నుమూసిన మోహన్ ఎందరో కుర్ర కార్టూనిస్టులకు గురువు. పాలకులను విమర్శించడం ఎప్పుడూ తేలిక కాదు. 1908లోనే బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో రాతలకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు జైలు పాలయ్యారు. కాబట్టి ఇది చిల్లర వ్యవహారం కాదు. పెద్దవాళ్ల తప్పు చిన్నవాళ్లకు తెలియజెప్పే పని ఇది.

అయితే అదే కలం ఎలా దారి తప్పుతుందో చూడండి. డిసెంబరులో మన గుడి ఆవరణలో మిఠాయిలు పంచే క్రిస్మస్ తాత మీకు తెలుసు కదా! బొద్దుగా, గడ్డంతో నవ్వే ఆ రూపానికి ప్రచారం తెచ్చినవారిలో ముఖ్యుడు థామస్ నాస్ట్ అనే అమెరికా కార్టూనిస్టు. న్యూయార్కు నగరాన్ని దోచుకుతిన్న ట్వీడ్ అనే నాయకుణ్ణి 1871లో 'హార్పర్స్ వీక్లీ'లో బొమ్మల మీద బొమ్మలు వేసి బజారుకీడ్చింది ఆయనే. పేపర్లు ఏం రాసినా ఫరవాలేదు, నా ఓటర్లకు చదువు రాదు, ఈ బొమ్మలతోనే చావు వచ్చింది అని ట్వీడ్ వాపోయాడని చెబుతారు. చివరికి జైల్లోనే, 1878లో చనిపోయాడు. శభాష్ అంటాం కదా!

అదే నాస్ట్, అదే 1871లో, అదే పత్రికలో మరో బొమ్మ వేశాడు. పేరు 'అమెరికా గంగానది'. నదిలో నుంచి మొసళ్లు గట్టు మీది చిన్నపిల్లల వైపు పాకివస్తుంటాయి. దగ్గరగా చూస్తే అవి మొసళ్లు కావు, కతోలిక మేత్రాణులు. తల మీది కిరీటాలే తెరిచిన కోరలు! గంగలో తల్లులు బిడ్డలను మొసళ్లకు వేస్తారని ఆ దేశంలో అప్పట్లో చెప్పుకునే కథలే ఆ పేరుకు ఆధారం. అంటే ఒకే బొమ్మలో మన విశ్వాసానికీ, మన దేశానికీ అవమానం. పొట్టకూటికి వలస వచ్చిన ఐరిష్ కతోలికులను కోతుల్లాగా గీసింది కూడా ఆయనే.

ఇక్కడ మనం న్యాయంగా మాట్లాడాలి. ఆ బొమ్మ వెనుక అసలైన తగాదా ఒకటుంది. మత సంస్థల బడులకు ప్రభుత్వ సొమ్ము ఇవ్వవచ్చా అన్నది అడగదగిన ప్రశ్నే. ట్వీడ్‌కు ఓట్లు వేసి నిలబెట్టినవారిలో ఐరిష్ కతోలికులు చాలామంది ఉన్న మాటా నిజమే. మనకు మేలు చేశాడని దొంగను మోయడం తప్పు కాదా? ఆ సంగతి ఎత్తిచూపే హక్కు నాస్ట్‌కు ఉంది. కానీ చేసిన పనిని వదిలి పుట్టుకనూ, జాతినీ, విశ్వాసాన్నీ జంతువుగా గీసినప్పుడు అది విమర్శ కాకుండా పోయింది. ట్వీడ్ బొమ్మ చూసినవాడు "ఇతడు ఏం దొంగిలించాడు?" అని అడుగుతాడు. మొసలి బొమ్మ చూసినవాడు ఏమీ అడగడు, అసహ్యించుకుంటాడు. తేడా అక్కడ ఉంది.

అబద్ధ సాక్ష్యం కూడదన్న ఎనిమిదవ ఆజ్ఞను వివరిస్తూ 1992 నాటి సత్యోపదేశ గ్రంథం ఒక మెలకువ నేర్పుతుంది. అబద్ధంతో పరువు తీయడం పాపమే. తగిన కారణం లేకుండా ఉన్న తప్పునే బయటపెట్టడం కూడా పాపమే. ప్రజల సొమ్ముకు జవాబు చెప్పవలసినవాడి తప్పు బయటపెట్టడానికి తగిన కారణం ఉంది. పొరుగింటి కాపురం గుట్టుకు ఏ కారణమూ లేదు.

అన్నిసార్లూ ఇంత తేలికగా తేలదు. 1949లో శంకర్ పిళ్లై వేసిన బొమ్మలో నత్త మీద అంబేద్కర్‌గారు కూర్చుని ఉంటారు. వెనుక నెహ్రూగారి చేతిలో కొరడా. రాజ్యాంగ రచన నత్తనడకన సాగుతోందన్న చమత్కారం అది. 2012లో ఆ బొమ్మ పాఠ్యపుస్తకంలో ఉందని పార్లమెంటు అట్టుడికింది. ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. గీసినవాడి మనసులో కులం లేకపోవచ్చు. కానీ కొరడా దెబ్బలు తరతరాలుగా ఎరిగిన ఇంటి బిడ్డ తరగతిలో ఆ బొమ్మ చూస్తే? మన విచారణల్లో అలాంటి ఇళ్లు ఎన్ని లేవు! బొమ్మను చెరిపేయడం కంటే పక్కన కూర్చుని వివరించి చెప్పే ఉపాధ్యాయుడు మేలని నా అభిప్రాయం. అయితే నొప్పి పడినవారిని "నవ్వడం రాదు మీకు" అని వెక్కిరించడం మాత్రం అన్యాయం.

ఇక మన సంగతి. ఇప్పుడు కార్టూను కోసం పేపరు దాకా వెళ్లక్కర్లేదు. జేబులో ఫోను ఉంది. ఎన్నికలు వస్తే అవతలి పార్టీవాడి ముఖం గాడిదకు అతికించిన బొమ్మ క్షణంలో ఊరంతా తిరుగుతుంది. మన నాయకుడి మీద అదే బొమ్మ వస్తే కేసు పెట్టాలంటాం. మన పుట్టుకను ఎవరైనా ఎగతాళి చేస్తే కన్నీళ్లు పెట్టుకునే మనమే, ఒకరి నలుపు మీద, నత్తి మీద, కులం మీద వచ్చిన బొమ్మను ఆదివారం పూజ ముగిసీ ముగియకముందే నలుగురికీ పంపడం లేదా?

ఈసారి బొమ్మ పంపే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. ఇది నిజమేనా? ఇతడు చేసిన పనిని గురించా, పుట్టిన పుట్టుకను గురించా? ఇతడు బలవంతుడా, బదులు చెప్పుకోలేనివాడా? ఆ తర్వాత కూడా నవ్వు వస్తే హాయిగా నవ్వండి, పదిమందికీ చూపించండి. రేపు మన పార్టీ నాయకుడి మీద అలాంటి బొమ్మే వస్తే, అది నిజమైతే, అప్పుడూ అదే టీ కొట్టు దగ్గర కూర్చుని నవ్వగలగాలి.